వట్టం లేని మారకం

జగన్మోహనరావు చొక్కా కుడిచేతి అంచుకు పసుప్పచ్చటి మరక ఉంది.

గడప దాటుతూనే సాయన్న చూసింది అదే. దుకాణంలో చూడవలసినవి వేరే ఉన్నాయి. తలకు కట్టు కట్టుకుని కుర్చీలో కూర్చున్న యజమాని ఉన్నాడు. ఇద్దరు జవాన్ల మధ్య నిలబడ్డ ముసలాయన ఉన్నాడు. గుమ్మం మెట్టు మీద కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్న ఆడమనిషి ఉంది. అయినా కన్ను మరక మీదికే పోయింది. ఆ మనిషి బట్టల మీద మరక కనిపించడం రెండేళ్ళలో ఇదే మొదలు. పొద్దున టిఫిను తిని చెయ్యి సరిగ్గా కడుక్కోలేదు కాబోలు అనుకున్నాడు. లోపల ఎక్కడో కొంచెం చల్లగా అనిపించింది.

రెండేళ్ళ కిందట, రాష్ట్రాలు కలిసిన కొత్తలో, సి.ఐ.డి. ఆఫీసులో ఇన్‌స్పెక్టరు కుర్చీ ఖాళీ అయింది. అది సాయన్నదే అని అందరూ అనుకున్నారు. అతని భార్య నర్మద వాడకట్టంతా చక్కెర పంచింది. తీరా ఆ కుర్చీలో బెజవాడ నుంచి వచ్చిన జగన్మోహనరావు కూర్చున్నాడు. సాయన్న సబిన్‌స్పెక్టరుగానే మిగిలాడు. అప్పటి నుంచి ఆ మనిషిని చూడటం అతనికి ఒక పనైపోయింది. సంతలో పక్కవాడు కొన్న ఎద్దును చూసినట్టు చూసేవాడు. పెన్ను ఏ జేబులో పెడతాడో, మోటార్ సైకిల్‌ను ఏ రోజు తుడిపిస్తాడో, నడుముకున్న రివాల్వరు ఒర మీద ఇత్తడి గుండీ ఎంత తళతళలాడుతుందో, అది ఎప్పుడూ ఎలా బిగించి ఉంటుందో అన్నీ తెలుసు. తెలుసుకోవాలని తెలుసుకున్నవి కావు. చూపు అటే పోయేది.

"ఆలస్యంగా వచ్చావు సాయన్నా," అన్నాడు జగన్మోహనరావు. "సందంతా ఒకసారి తిరిగి చూసేశాను. పెద్ద కేసేం కాదు."

ఆబిడ్స్ పెద్దరోడ్డు నుంచి నాంపల్లి స్టేషన్ వైపు దిగే సందు అది. ఎదురెదురుగా రెండు మారకం చోట్లు. ఇటు శ్రీరామమూర్తి దుకాణం: అద్దాల బల్ల, పైన ఫ్యాను, కూజాలో చల్లని నీళ్ళు. అటు బిచ్చయ్య అరుగు: చాప, చిరిగిన గొడుగు, ఒక నల్లరాయి. నిజాం నాటి హాలీ రూపాయి ఇంకా జనం దగ్గర ఉంది. సర్కారు రూపాయిని అందరూ కల్దారు అంటారు. ఏడు హాలీలకు ఆరు కల్దార్లు. హాలీ చెల్లే రోజులు దగ్గరపడ్డాయని పల్లెల జనం దాచుకున్నవి తవ్వి తీసి పట్నం తెస్తున్నారు. మార్చి ఇచ్చినందుకు మారకందారు పట్టుకునేది వట్టం. బిచ్చయ్య రూపాయికి అర్ధణా పట్టుకుంటాడు. శ్రీరామమూర్తి మాత్రం బోర్డు మీద 'వట్టం లేదు' అని పెద్ద అక్షరాలతో రాయించాడు.

మెట్టు మీద కూర్చున్న ఆమె పేరు కొండమ్మ. చేవెళ్ళ దగ్గరి పల్లె. ముప్పై ఏళ్ళు కూలి చేసి, కూరగాయలు అమ్మి, ఏడు వందల వెండి హాలీలు కూడబెట్టింది. తను కౌలుకు చేసుకునే రెండెకరాలు అమ్మడానికి దొర ఒప్పుకున్నాడు. రేపు తహసీలు ఆఫీసులో కల్దార్లు కట్టాలి. కట్టకపోతే భూమి ఇంకొకరి పేర ఎక్కుతుంది. గన్‌ఫౌండ్రీలో ఒక బ్యాంకుకు పోతే తెలిసినవాళ్ళ సంతకం తెమ్మన్నారు.

"నాకెవరు తెలుసు బిడ్డా ఈ పట్నంల," అంది సాయన్నతో. "బిచ్చయ్య వట్టం పట్టుకుంటడు. ఈయన ఏం పట్టుకోనన్నడు. మిగిలిన పైసలు విత్తనాలకైతయని ఆశపడ్డ."

పొద్దున సంచి శ్రీరామమూర్తికి ఇచ్చింది. అంత మొత్తానికి నోట్లు తెప్పించాలి, మధ్యాహ్నం రమ్మన్నాడు. వచ్చేసరికి అతను నెత్తురు కారుతూ కూర్చుని ఉన్నాడు. సంచి లేదు.

శ్రీరామమూర్తి తన మాటగా చెప్పింది ఇంతే: బల్ల వెనక నిలబడి సంచి మూతి కడుతున్నాడు. వెనక నుంచి ఎవరో తోశారు. నుదురు బల్ల అంచుకు కొట్టుకుంది. తేరుకునేసరికి పెరటి తలుపు తెరిచి ఉంది. మనిషిని చూడలేదు. చూడకపోయినా ఎవరో తెలుసన్నాడు. చెప్పేటప్పుడు జవాన్ల మధ్య ఉన్న బిచ్చయ్య వైపు తిరగలేదు గాని, గొంతు తిరిగింది.

జగన్మోహనరావు ముసలాయనను అడిగాడు. కొండమ్మ ఎన్నాళ్ళుగా తెలుసు? పదేళ్ళు. ఇవాళ ఆమె ఎదుటి దుకాణానికి పోతే ఏమన్నావు? బిచ్చయ్య తల దించుకున్నాడు. గుమ్మం దగ్గర సందు జనమంతా మూగి ఉన్నారు. వాళ్ళలో సగం మంది ఆ మాట పొద్దున విన్నవాళ్ళే.

"గాడికే పోతవా అన్న," అన్నాడు బిచ్చయ్య. "ఔ సారూ, నా మనసుల కాలింది. మస్తు కాలింది. గంతమాత్రాన తల పగలగొడ్తనా?"

జగన్మోహనరావు చిన్నగా నవ్వి సాయన్న వైపు చూశాడు. "అసూయ. ఒప్పుకున్నాడు కూడా. ఇంకేం కావాలి నీకు?"

సాయన్నకు ఆ మాట అంటున్న మనిషి ముఖంలో తనను గుచ్చే చూపు ఒకటి కనిపించింది. అది కేసు గురించి కాదని ఇద్దరికీ తెలుసు.

అప్పుడు శ్రీరామమూర్తి కట్టు సర్దుకుంటూ అన్నాడు. "ఆయన విలువైనవన్నీ ఆ నల్లరాయి కిందే దాస్తాడండి. రోజూ పొద్దున్నే రాయి ఎత్తి ఏదో పెడతాడు."

అందరూ సందు దాటి అరుగు దగ్గరికి నడిచారు. జగన్మోహనరావు చేతులు వెనక్కు కట్టుకుని దూరంగా నిలబడ్డాడు. సాక్షులుగా నిలిచే పంచుల ఎదుట జవానే ఎత్తాలి, తను ముట్టుకోకూడదు అన్నాడు. పంచులుగా పక్కనే జామపండ్లు అమ్మే జయమ్మను, హోటలాయనను నిలబెట్టారు. జవాను రాయి ఎత్తాడు. పలుచని రాయి. చుట్టూ ఇసుక గట్టు, నడుమ గుంట. గుంటలో పాత చీర అంచుతో కుట్టిన సంచి కుక్కి ఉంది. ఖాళీ సంచి.

కొండమ్మ జనాన్ని తోసుకుని వచ్చింది. సంచి తనదే. చేతులతో తడిమి చూసింది. "పైసలేవి?" అని ఒక్క మాట అడిగింది.

బిచ్చయ్య రాయిని చూస్తూ నిలబడిపోయాడు. ఇంట్లోకి పరాయివాడు వచ్చి పోయిన గుర్తులు చూసుకునేవాడిలా ఉన్నాడు. జవాన్లు అతన్ని ఠాణాకు నడిపించారు.

సాయన్న ముందుకు వచ్చాడు. "జర ఆగుండ్రి సార్. ఏడు వందల వెండి రూపాయలు శానా బరువు. ఈయన వయసుకు యాడికి మోసిండు, ఎట్ల మోసిండు?"

"సాయంత్రానికి కక్కుతాడులే. నువ్వేం ఫికరు పెట్టుకోకు." ఆ 'ఫికరు' అనే మాట జగన్మోహనరావు కావాలనే వాడాడు. తర్వాత గొంతు తగ్గించకుండానే అన్నాడు. "ఆ కుర్చీ రాలేదని నేను పట్టిన ప్రతి కేసుకూ అడ్డం పడటం బాగాలేదు సాయన్నా. ఆఫీసులో అందరూ గమనిస్తున్నారు."

హోటలాయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు. సాయన్న చెవులు వేడెక్కాయి. ఆ మాటలో సగం నిజం ఉంది. అబద్ధమైతే అంత మండేది కాదు. మోటార్ సైకిల్ కదిలి, చప్పుడు సందు మలుపులో కలిసిపోయేదాకా అక్కడే నిలబడ్డాడు.

తర్వాత చాప మీద కూర్చున్నాడు. ఊరికే కూర్చున్నాడు. ఊళ్ళో బావి పూడిపోతే ముందు గట్టు మీద కూర్చుని చూసేవాళ్ళు. దిగడం తర్వాత సంగతి.

జయమ్మ జామపండ్లు సర్దుకుంటూ తనలో తను గొణుక్కుంటోంది. పొద్దుమాపు ఆ రాయి చప్పుడుతో చెవులు చిల్లులు పడేవని, ఇప్పుడు సందు ముండమోసినట్టుందని. సాయన్న తలెత్తాడు. మధ్యాహ్నం కూడా రాయి మోగిందా అని అడిగాడు.

"మోగకేం? ఈయనకు తల పగిలిందని లొల్లి అయినంక కూడా మోగుతనే ఉండె. పోలీసులు వచ్చి బిచ్చయ్యను ఆ దుకాణంలకు పట్కపోయేదాక టంగు టంగు. పట్కపోయినంక అందరం ఆ దుకాణం ముంగటికి ఉరికితిమి. గీడ కుక్క గూడ లేకుండె."

సాయన్న కొండమ్మను రూపాయి ఉందా అని అడిగాడు. ఆమె కొంగు ముడి విప్పింది. బస్సు కిరాయికని దాచుకున్న ఒకే ఒక హాలీ. అతను దాన్ని జాగ్రత్తగా పట్టుకుని రాయి మీద జారవిడిచాడు. రాయి మోగింది. సందు ఆ చివర దాకా పోయి తిరిగి వచ్చినట్టు మోగింది. వెండి మంచిదో కల్తీదో ఆ మోతలోనే తెలుస్తుంది. మారకందారు చెవితోనే బతుకుతాడు.

రాయి ఎత్తాడు. జేబులోని దస్తీని, జయమ్మ గంప కింది గోనె ముక్కను కలిపి గుంటలో కుక్కాడు. రాయి దించి మళ్ళీ రూపాయి విడిచాడు.

మట్టిలో పడ్డట్టు పడింది.

మూడోసారి కూడా అంతే. గుంట బోలుగా ఉంటేనే రాయికి గొంతు. సంచి అందులో ఉండి ఉంటే బిచ్చయ్య ఆ మధ్యాహ్నమంతా మూగరాయి మీద వెండి చూస్తూ ఉండాలి. రాయి మోగింది కాబట్టి సంచి అప్పుడు లేదు. బిచ్చయ్యను దుకాణంలోకి తీసుకుపోయిన తర్వాత, జనం దుకాణం ముందు మూగి ఉన్న ఆ కాస్త సేపట్లో ఎవరో పెట్టారు. సాయన్నకు ఒంట్లో బలం వచ్చినట్టయింది. ముసలాయన బయటపడతాడని కొంత. జగన్మోహనరావు ముఖం ఎలా మారుతుందో చూడవచ్చని ఎక్కువ.

వేళ్ళకు పసుపు అంటింది. జయమ్మ చూసి, బిచ్చయ్య రోజూ పొద్దున రాయి ఎత్తి ఇసుక సాపు చేసి బోణీకి పసుపు చల్లుతాడని, అప్పుడే రాయి మీద చెయ్యి పెడతాడని చెప్పింది. సాయన్న చాపకు తుడుచుకున్నాడు. గోళ్ళ సందుల్లోది పోలేదు.

జయమ్మకు రూపాయి ఇచ్చి, తను ఎదుటి దుకాణం కిటికీలో కనిపించగానే రాయి మీద వెయ్యమన్నాడు. దస్తీ, గోనె తీసేశాడు. దుకాణంలోకి వెళ్ళాడు.

శ్రీరామమూర్తి అదే కుర్చీలో ఉన్నాడు. బల్ల అద్దం మీద చిన్న బీట కూడా లేదు. నుదురు పగిలేంతగా మనిషి పడితే అద్దం ఊరుకోదు. అంచు మీద నెత్తురు లేదు. తుడిచిన గుర్తు లేదు. దాని మీద సన్నగా దుమ్ము పరుచుకుని ఉంది.

సాయన్న సందు వైపు కిటికీ దగ్గరికి పోయాడు. అద్దాల రెక్కలు, దుమ్ము రాకుండా బిగించి ఉన్నాయి. కింద గచ్చు మీద కుర్చీ కాళ్ళు నిలిచే నాలుగు చోట్ల సున్నం పెచ్చులు లేచి గుంటలు పడ్డాయి. బల్ల వెనక గచ్చు మాత్రం నున్నగా ఉంది. కిటికీ చెక్క మీద మోచెయ్యి ఆనే మేర నిగనిగలాడుతోంది. కాడిమాను మెడ దగ్గర అరిగినట్టు అరిగింది. మూలన ఎండిపోయిన అన్నం మెతుకులు. చెక్క పగులులో నల్లగా గడ్డకట్టినదాన్ని గోటితో గీరి వాసన చూశాడు. నెత్తురు.

అద్దంలోంచి బిచ్చయ్య అరుగు ఎదురుగా కనిపించింది. జయమ్మ తలెత్తి అతన్ని చూసి రూపాయి విడిచింది. రూపాయి రాయి మీద ఎగిరిపడటం కనిపించింది. చప్పుడు లేదు. ఫ్యాను తిరిగే రొద తప్ప ఏమీ వినిపించలేదు.

అలాగే నిలబడి, వెనక్కు తిరగకుండా అడిగాడు. వట్టం లేకుండా మార్చి ఇస్తే మీ ఇల్లెట్ల గడుస్తది అని. శ్రీరామమూర్తి మొదట ధర్మానికి అన్నాడు. తర్వాత వ్యాపారం పెరగడానికి అన్నాడు. సాయన్న ఏమీ అనలేదు. మాట్లాడనివాడి ముందు మనిషి ఎక్కువ మాట్లాడతాడు. కాసేపటికి అసలు సంగతి వచ్చింది. పాత హాలీలో వెండి ఉంది. కరగబెట్టి అమ్మితే కల్దారు కంటే ఎక్కువే పలుకుతుంది. అర్ధణా వదులుకుని అణాలు సంపాదించవచ్చు. అది తెలియని పల్లె జనానికి ఆయన దగ్గరే చవక అనిపిస్తుంది.

"అంటే మీకే ఎక్కువ మిగులుతున్నది," అన్నాడు సాయన్న. "మరి కుర్చీ గుర్తులు బల్ల కాడ ఎందుకు లేవు? కిటికీ కాడ ఎందుకున్నయి?"

లోపలి గది పరదా కదిలింది. ఆయన భార్య శేషారత్నం తల మీద కొంగు కప్పుకుని గుమ్మంలో నిలబడింది. అప్పటిదాకా ఏడ్చినట్టుంది.

"అన్నం కూడా అక్కడే తింటారు అన్నయ్యగారూ," అంది. "వాళ్ళెవరో ఎదురుగా నవ్వితే ఇక్కడ కంచం పక్కకు తోసేస్తారు. ఆ కిటికీ మూయించమని ఎన్నిసార్లు చెప్పానో. రాత్రి నిద్రలో కూడా ఆ ముసలాయన దగ్గరికి ఎంతమంది వచ్చారో చెబుతారు."

"నువ్వు లోపలికి వెళ్ళు," అన్నాడు శ్రీరామమూర్తి. కాని గొంతులో పట్టు లేదు. ఆమె వెళ్ళలేదు.

సాయన్న ఇంకో కుర్చీ లాక్కుని ఆయన ఎదుట కూర్చున్నాడు. రోజూ పొద్దున బిచ్చయ్య రాయి ఎత్తి పసుపు చల్లుతాడని, దాచుకోవడం కాదని చెప్పాడు. కిటికీలోంచి చూస్తే చూపు పోతుంది గాని చప్పుడు రాదన్నాడు. సంచి పెడితే రాయి మూగబోతుందని మీకు తెలియదన్నాడు. ఇవన్నీ నెమ్మదిగా, గొడ్డుకు మందు తాగించినట్టు చెప్పాడు.

శ్రీరామమూర్తి కట్టు కింద చెమట కారింది.

"నా దగ్గర పైసా వట్టం లేదు," అన్నాడు చివరికి. "ఫ్యాను ఉంది, నీళ్ళు ఉన్నాయి. ఒకసారి వస్తారు. మళ్ళీ రారు. వాడి దగ్గర ఎండలో గంటసేపు నిలబడతారు. వాడు మీ బర్రె ఈనిందా అని అడుగుతాడట, వీళ్ళు పొంగిపోతారు. నేను అదే మాట అడిగితే నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూస్తారు. ఇవాళ ఈవిడ వచ్చింది. వచ్చిన మనిషి నా బల్ల ముందు నిలబడి, వాడు ఏమనుకుంటాడో అని వెనక్కు వెనక్కు చూస్తోంది. నా చేతికి సంచి ఇస్తూ వాణ్ణి చూస్తోంది. వాడు ఒక్కరోజు పోలీసుల దగ్గర కూర్చుంటే చాలనుకున్నానండి. ఒక్కరోజు ఆ చాప ఖాళీగా ఉండటం చూడాలనిపించింది."

సాయన్న చూపు దించుకున్నాడు. ఆఫీసులో ఒక కిటికీ ఉంది. పొద్దున్నే మోటార్ సైకిల్ చప్పుడు వినగానే ఏదో పని ఉన్నట్టు తను పోయి నిలబడే కిటికీ.

"వెండి ఏది?" అన్నాడు.

శేషారత్నం చెప్పింది. కొండమ్మ తిరిగి రాకముందే ఆయనే రిక్షాలో గౌలిగూడకు తీసుకుపోయి కంసాలి కోదండరామయ్య కొట్లో ఇచ్చి వచ్చారు. తర్వాత ఆ కిటికీ చెక్కకు తల కొట్టుకున్నారు. కంసాలికి ఇదేమీ తెలియదు. దీపాలు పెట్టే వేళకు మూసలో వేసి కరగబెడతాడు.

బయట ఎండ అప్పటికే గోడల మీదికి ఎక్కింది. కరిగితే అవి కొండమ్మ రూపాయలని చెప్పడానికి గుర్తు ఉండదు. రేపటికి భూమి ఉండదు. సాయన్న లేచాడు.

"సంచి?"

"పెరట్లో చెత్తలో పారేశాను."

"పారేసింది రాయి కిందికి ఎట్ల పోయింది? ఎవరితోటి పెట్టించినవ్?"

"నేను పెట్టలేదండి. పెట్టించలేదు. మీ ఇన్‌స్పెక్టరుగారు రాగానే పెరడంతా చూశారు. తర్వాత నన్ను, ఆ ముసలాయన ఏవైనా ఎక్కడ దాస్తాడని అడిగారు. రాయి మాట చెప్పాను. అంతే. నేనీ కుర్చీలోంచి లేవలేదు. జనమంతా చూశారుగా."

"మరెవరు పెట్టిన్రు?"

శ్రీరామమూర్తి చూపు సాయన్న భుజం మీదుగా గుమ్మం దాకా పోయి అక్కడ ఆగింది.

జగన్మోహనరావు గడపలో నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో తెలియదు. బండి సందు మొదట్లోనే ఆపినట్టుంది.

"విన్నాను," అన్నాడు. "తప్పు నాదే. పద, మూసలో పడకముందే పోదాం."

వాదిస్తాడనుకున్నాడు సాయన్న. ఆ ముఖం వాడిపోవడం తీరిగ్గా చూడాలనుకున్నాడు. అది వాడలేదు. కానీ తప్పు నాదే అన్న మాట చెవిలో తియ్యగా పడింది. రెండేళ్ళుగా ఆ మాట కోసమే ఆ కిటికీ దగ్గర నిలబడ్డట్టు అనిపించింది. ఇంకేమీ ఆలోచించలేదు. ఠాణా నుంచి తిరిగి వచ్చిన ఒక జవానును దుకాణం దగ్గర నిలబెట్టి ఇద్దరూ బయటికి వచ్చారు.

జగన్మోహనరావు బండి తేవడానికి ముందు నడిచాడు. అరుగు మీద కొండమ్మ అలాగే కూర్చుని ఉంది. సాయన్న వంగి చెప్పాడు. "అవ్వా, నీ వెండి గౌలిగూడల ఉన్నది. కంసాలి కోదండరామయ్య కొట్ల. తెస్త."

జయమ్మ రూపాయి తిరిగి ఇచ్చింది. అతను కొండమ్మకు ఇవ్వబోయాడు. ఆమె తీసుకోలేదు.

"నీ తానే ఉండనియ్యి బిడ్డా. మిగిలినవి తెచ్చి దాంతోటి కలిపి ఇయ్యి."

రూపాయి గుప్పిట్లో పట్టుకుని సాయన్న మోటార్ సైకిల్ వెనక ఎక్కాడు. సందు చివర తిరిగి చూస్తే కొండమ్మ లేచి చీర దులుపుకుంటోంది. కూర్చుని ఎదురుచూసే మనిషి కాదని అప్పుడే అనిపించింది. జయమ్మ గంప దించి ఆమె చెయ్యి పట్టుకుంది.

ఆ బండి మీద ఎక్కడం ఎలా ఉంటుందో అతను చాలాసార్లు అనుకున్నాడు. సీటు మెత్తగా ఉంది. గాలి ముఖానికి కొడుతోంది. పెద్దరోడ్డు మీదికి వచ్చాక బండి గౌలిగూడ వైపు తిరగలేదు. నాంపల్లి వైపు తిరిగింది.

"గౌలిగూడకు గిటు గాదు సార్."

"తెలుసు. స్టేషన్ దగ్గర ఇద్దరు జవాన్లని కూడా రమ్మని చెప్పి వెళదాం."

సబబుగానే ఉంది. స్టేషన్ వచ్చింది. జట్కాలు, రిక్షాలు అడ్డం వచ్చాయి. జగన్మోహనరావు హారను కొట్టి వాటి మధ్యలోంచి ముందుకు పోయాడు. ఆగలేదు.

చొక్కా చెయ్యి గాలికి రెపరెపలాడుతోంది. ఆ కుడి అంచు సాయన్న కళ్ళకు దగ్గరగా వచ్చి వచ్చి పోతోంది. మరక పసుప్పచ్చగా ఉంది. టిఫిను మరకకు నూనె జిడ్డు ఉండాలి. దీనికి లేదు. పొడిగా, నేతలోకి దిగి ఉంది. దారాల మధ్య రెండు ఇసుక రేణువులు మెరిశాయి.

సాయన్న తన గోళ్ళు చూసుకున్నాడు. అదే రంగు.

జవాను రాయి ఎత్తకముందే ఆ మరక అక్కడ ఉంది. గడప దాటుతూనే చూశాడు. రాయి ఎత్తేటప్పుడు జగన్మోహనరావు చేతులు వెనక్కు కట్టుకుని దూరంగా నిలబడ్డాడు. తను ముట్టుకోకూడదన్నాడు. అంతకుముందు సందంతా తిరిగి చూశానన్నాడు. పెరడూ చూశాడు. పెరట్లో సంచి ఉంది. రెండేళ్ళుగా ఆ మనిషి మీద ఒక్క మరక కోసం వెతికిన సాయన్న, మరక కనపడగానే సంతోషించాడు. అది ఏం మరకో చూడలేదు.

అతని ఖాళీ చెయ్యి సీటు అంచును గట్టిగా పట్టుకుంది.

"సాయన్నా," అన్నాడు జగన్మోహనరావు, వెనక్కు తిరగకుండా. గొంతులో కోపం లేదు. "నేనీ ఊరొచ్చి రెండేళ్ళు. ఏ గుమ్మంలో నిలబడ్డా నాకు కుర్చీ వేస్తారు. నువ్వెళితే చాప మీద కూర్చోబెట్టి ఉన్న సంగతంతా చెబుతారు. మీ భాష నేర్చుకున్నాను. ఫికరు అన్నాను, జర అన్నాను. నవ్వారు. కుర్చీ నాకొచ్చింది. కేసులన్నీ నీకొస్తాయి. పైవాళ్ళు కూడా సాయన్నని అడుగు అంటారు, నా ముందే."

ఆఫీసులో తను కిటికీ దగ్గర నిలబడ్డప్పుడు ఎదుటి గదిలోంచి ఇంకో జత కళ్ళు తన వైపు చూస్తూ ఉంటాయని సాయన్న ఏనాడూ అనుకోలేదు.

"ఆ సంచి చెత్తలో చూడగానే ఎవరి పనో నాకు తెలిసింది. నీకూ తెలుస్తుంది, నేను రాయడానికి కూర్చునేలోగా నువ్వు చెప్పేస్తావు. అతని చేత ఒప్పించాలంటే పొద్దు పోతుంది, ముసలాయన మీదైతే సందంతా సాక్ష్యం చెబుతుంది. ఈ ఒక్కటి నువ్వు రాకముందు ముగిద్దామనుకున్నాను. అంతే. రూపాయి ఆశ లేదు నాకు." ఎదురొచ్చిన సైకిలును తప్పించాడు. "ఇప్పుడు నువ్వు పైన చెబితే నా ఉద్యోగం ఒక్కటే పోదు. నేను జైలుకే పోతాను."

స్టేషను జనం వెనకబడింది. లక్డీకాపూల్ వైపు పోయే దారిలో తోట గోడ పక్క మనుషులు పలచబడ్డారు. ఎండ గోడ పైఅంచుకు చేరింది. గౌలిగూడ ఎక్కడో వెనక, దూరంగా పోతోంది. వెండి కరిగిపోతే సాయన్న మాటకు రుజువు ఉండదు.

"కంసాలి పేరు ఇంకెవరికైనా చెప్పావా?"

కొండమ్మ పొట్టి అడుగులు సాయన్న కళ్ళకు కట్టాయి. జయమ్మ పట్నం మనిషి, అడ్డదారులు తెలుసు. ఇద్దరూ ఈపాటికి కోఠీ దాటి ఉంటారు. దీపాల వేళకు ఆ కొట్టు ముందు నిలబడి తన రూపాయలు తనకిమ్మంటే, నిర్దోషి అయిన కంసాలి మూస పక్కన పెడతాడు. ఎవరూ దారికి అడ్డం పోకపోతే.

"లేదు సార్," అన్నాడు. "ఎవ్వరికీ చెప్పలే."

గుప్పిట్లో రూపాయి చెమటకు జారుతోంది. ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

బండి నెమ్మదించింది. గోడ వారగా, ఆకుల నీడలోకి జరిగింది. సాయన్న చూపు అలవాటు కొద్దీ ఆ నడుము మీదికి పోయింది. రివాల్వరు తోలు ఒర మీద ఇత్తడి గుండీ విప్పి, మూత వేలాడుతోంది. దాన్ని అలా చూడటం అతనికి అదే మొదలు.

జగన్మోహనరావు కుడిచెయ్యి హ్యాండిల్ వదిలింది.